శనివారం గాలం, ఆదివారం లేసు: ఒకరి సరదా ఇంకొకరు నేర్చుకోవడం ఎలా

దసరా వెళ్ళిన దగ్గర్నుంచి సంక్రాంతి పనులు మొదలయ్యేదాకా నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. "మా ఆయన సెలవొస్తే చాలు, తెల్లారేసరికి గాలం పుచ్చుకుని కాలవ గట్టుకి వెళ్ళిపోతారండీ. నేనూ వెళ్తే అక్కడేం చెయ్యాలో తెలీదు, ఇంట్లో ఉంటే పొద్దు గడవదు." మగవాళ్ళు ఇంకోలా అడుగుతారు. "మా ఆవిడ లేసు అల్లిక పట్టుకుందంటే పిలిచినా పలకదండీ. పక్కన కూర్చుని నేను ఫోను చూసుకోవడమే." విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ, ఇద్దరికీ పనికొచ్చేలా ఒకచోట రాస్తున్నాను.

మా పాలకొల్లు వైపు ఈ పనికి ఆశ్వయుజ, కార్తీకాలే మంచి రోజులు. గోదావరి ఎర్రనీరు తగ్గి కాలవలు తేటపడతాయి. సార్వా (వానాకాలపు) వరి చేను పొట్ట మీదో, కంకి మీదో ఉంటుంది. పొద్దున్న ఎనిమిదిన్నర దాకా ఎండ వీపుకి తగలదు. వేసవిలో కాలవలు కట్టేస్తారు, సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. మధ్యలో దొరికేవి ఏడెనిమిది వారాలు. వాటిలో ఒకటో రెండో వాయుగుండం ఎత్తుకుపోతుంది. అందుకని వచ్చేవారం చూద్దాంలే అనుకోకండి.

మొదలుపెట్టేముందు ఒక్కమాట. తోడుగా వెళ్ళి పక్కన కూర్చోవడం వల్ల ఏమీ రాదు. పెళ్ళైన కొత్తలో రెండేళ్ళపాటు నేను అదే చేశాను. ఆయన గాలం వేస్తుంటే గొడుగేసుకుని కూర్చుని, గంటకోసారి "వెళ్దామా" అనేదాన్ని. ఆయనకి ఆ సరదా పోయింది, నాకు కొత్తగా ఒరిగిందీ లేదు. మూడో ఏడు "నాకు గాలం కట్టడం నేర్పండి" అని అడిగిన రోజున ఆయన ముఖం చూడాలి. అడగాల్సింది ఆ మాటే. చూడటానికి రానక్కర్లేదు, నేర్చుకోవడానికి రావాలి.

ముందుగా కావలసినవి

రెండు గంటల సమయం. అంతకంటే ఎక్కువ పెట్టుకోకండి. మొదటిసారే పూటంతా కూర్చుంటే రెండోసారి వెళ్ళబుద్ధి కాదు.

వాళ్ళ సామాను చాలు. కొత్తది ఏదీ కొనొద్దు. వాళ్ళ పాత గాలపు కర్ర, వాళ్ళు వాడి పక్కన పెట్టిన లేసు అల్లే కొక్కెం సూది తీసుకోండి. వస్తువు చేతికిస్తూ దాని కథ చెబుతారు, అందులోనే సగం పాఠం అయిపోతుంది.

ఫోను సంచీలో ఉండాలి. ఎవరైనా ఫోను చేస్తే వినపడాలి కాబట్టి గంట మోగేలా ఉంచుకోండి, చేతిలో మాత్రం వద్దు.

పిల్లల్ని మొదటి రెండుసార్లు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంచండి. నీటి గట్టున పిల్లలుంటే ఇద్దరిలో ఒకరి కళ్ళు వాళ్ళ మీదే ఉండాలి, ఇక నేర్చుకోవడం జరగదు.

తినడానికి ఏదైనా. మా ఇంట్లో ముందురోజు రాత్రి మినప్పిండి కలిపి ఉంచి పొద్దున్నే దిబ్బరొట్టె కాలుస్తాం. చల్లారినా బాగుంటుంది, చేతికి అంటదు. పచ్చడి చిన్న డబ్బాలో. ఈ రోజుల్లో సీతాఫలాలు దొరుకుతాయి కాబట్టి రెండు పండినవి వేసుకోండి.

శనివారం: ఆయన గాలం మీ చేతికి

1. చోటు ముందే ఖాయం చేసుకోండి. పంట కాలవ గట్టయితే మేలు. చేపల చెరువులు ఒకరివి, ఊరి చెరువులు చాలాచోట్ల పంచాయతీ వేలంపాటకిచ్చినవి. అడక్కుండా గాలం వేస్తే గొడవే. చెరువుల దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు తీగలు నేలమీదే ఉంటాయి, అదింకో భయం. గట్టు మీద పైన కరెంటు తీగ ఉందేమో తలెత్తి చూడండి. పొడవాటి కర్ర ఎత్తేటప్పుడు ఆ సంగతి గుర్తుండదు.

2. ముందురోజు నీటి కబురు కనుక్కోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. హెచ్చరికేదైనా ఉన్నవారం ఏటిగట్టు దిగకండి. వాయుగుండం అన్నా, ఉరుము వినపడినా అంతే, సామాను సర్దుకుని ఇంటికొచ్చేయండి. చేప బాగా పడుతున్నప్పుడే మబ్బు కమ్ముతుంది, "ఇంకొక్కటి" అంటారు మీవారు. ఆ ఒక్కటి వద్దని చెప్పండి.

3. గాలం మీరే కట్టండి. నైలాన్ దారం కొసని గాలం చెవిలోంచి దూర్చి, ఆ కొసనే అసలు దారం చుట్టూ ఆరుసార్లు తిప్పండి. గాలం చెవి పక్కన చిన్న కన్నం మిగులుతుంది. కొసని అందులోంచి తీసి, ముడిని ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించండి. తడపకుండా లాగితే రాపిడికి దారం వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. సరిగ్గా పడిందో లేదో చూడాలంటే గాలాన్ని ఒక పుల్లకి తగిలించి దారం గట్టిగా లాగండి. జారితే విప్పి మళ్ళీ కట్టండి. వేలికి తగిలించుకుని లాగే పని మాత్రం పెట్టుకోకండి.

4. ఎర తయారు చేసుకోండి. వానపాములు అరటిచెట్టు మొదట్లో, పేడగొయ్యి పక్కన తడినేలలో దొరుకుతాయి. ముట్టుకోలేకపోతే మొహమాటం వద్దు, గోధుమపిండి ముద్ద చాలు. పిండిని గట్టిగా కలిపి అందులో రవ్వంత దూది పీచు వెయ్యండి, నీళ్ళలో త్వరగా ఊడిపోదు. ఇంటి దగ్గరే గ్లాసు నీళ్ళలో ఒక గోళీ వేసి చూడండి. అయిదు నిమిషాలకి విడిపోతే పిండి పల్చన అయినట్టు, ఇంకొంచెం పొడిపిండి కలపండి. గోళీ శనగగింజంత ఉండాలి. పెద్దది పెడితే చేప అంచులు కొరుక్కుని పోతుంది.

5. బెండు, అంటే దారానికి కట్టి నీటిమీద తేలే ముక్క, దాని లోతు సరిచూసుకోండి. కొత్తవాళ్ళందరూ తప్పేది ఇక్కడే. బెండు నీటిమీద పడుకుని ఉందంటే దారానికి బరువుగా కట్టిన సీసం నేలకి ఆనింది, బెండుని గాలం వైపు కొంచెం జరపాలి. బెండు మొత్తం మునిగిపోతే సీసం బరువెక్కువ. సగం మునిగి నిటారుగా నిలబడితే సరిపోయినట్టు. ఈ ఒక్కటి చూసుకోకుండా గంటసేపు కూర్చుని "ఇక్కడ చేపల్లేవు" అని లేచిపోయేవాళ్ళని చాలామందిని చూశాను.

6. ఇక చూపు బెండు మీదే. ముందు టిక్కు టిక్కుమని కదులుతుంది. అప్పుడు లేపకండి. పరిగెలు (చిన్న చేపలు) ఎరని పొడుస్తున్నాయి, అంతే. కాసేపటికి బెండు ఒక పక్కకి నడుస్తుంది. నడుస్తూ నడుస్తూ కిందకి జారిపోతుంది. అప్పుడు మణికట్టుతో ఒక్క చిన్న లేపు. మొత్తం చెయ్యెత్తి లాగితే గాలం నోట్లోంచి ఊడొస్తుంది, లేదా చేప ఎగిరి వెనక తుమ్మచెట్టు మీద పడుతుంది. నాకు మొదటిసారి పడింది అరచేతిలో సగమున్న గొరక చేప. నీళ్ళలోంచి బయటికి రాగానే మొప్పలు విప్పి అరిచేతిలో గరగరా పాకింది. దాని వీపు మీద ముళ్ళు రంపంలా ఉంటాయి. తడిగుడ్డతో పట్టుకోమని మా ఆయన ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది.

7. జెల్ల చేప పడితే గాలం మీరు తియ్యకండి, మీవారిని తియ్యమనండి. దానికి మూడు ముళ్ళుంటాయి, వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెక్కల దగ్గర చెరొకటి. గుచ్చుకుంటే చెయ్యి మండిపోతుంది. అలా జరిగితే సబ్బుతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి పెట్టి ఉంచండి, మంట తగ్గుతుంది. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా, వాపు పెరుగుతున్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర మంచి సమయం. సాయంత్రమైతే నాలుగింటికే గట్టు చేరాలి. అక్టోబరు చివరికి అయిదున్నర దాటగానే పొద్దు గూకుతుంది, చీకట్లో గట్టు మీద నడవకూడదు. వానలు వెలిసిన ఈ రోజుల్లో గడ్డిలో పాములు తిరుగుతాయి. కాలికి బూటు, చేతిలో టార్చిలైటు, ముందు కర్రతో నేల తట్టుకుంటూ నడక. రేవు మెట్లు పాచి పట్టి ఉంటాయి. కింద రెండు మెట్లు దిగకుండా పని జరిగేలా చూసుకోండి. ఈత రానివాళ్ళు గట్టు మీదే ఉండి కర్ర పొడుగుది తీసుకోవాలి.

నీరంటేనే భయమా? అప్పుడూ దారి ఉంది. ఎర కలపడం, గాలాలు కట్టివ్వడం, పట్టిన చేపని గుర్తుపట్టడం మీరు తీసుకోండి. శీలావతికీ బొచ్చెకీ తల చూసి తేడా చెప్పగలిగితే మీవారు మిమ్మల్ని పక్కింటాయన దగ్గర పొగడకుండా ఉండలేరు. బొచ్చెకి తల పెద్దది, కింది పెదవి పైకి తిరిగి ఉంటుంది. శీలావతికి తల చిన్నది, నోరు కిందికి ఉంటుంది.

శాకాహారులు, చేపని చంపడం ఇష్టంలేనివాళ్ళు పట్టింది పట్టినట్టు మళ్ళీ వదిలెయ్యొచ్చు. చేతులు తడి చేసుకుని పట్టుకోండి, గాలం చప్పున తీసి నీళ్ళలో పెట్టండి. పొడిచేత్తో పట్టుకుంటే ఒంటిమీద జిగురు పోయి చేప తర్వాత జబ్బు పడుతుంది.

ఆదివారం: ఆవిడ సూది మీ చేతికి

మగవాళ్ళకి చెబుతున్నాను. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లని అరుగు ఉండేది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, మన ఆడవాళ్ళ చేతుల్లో ఇక్కడిదే అయిపోయింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇన్నేళ్ళుగా మీ ఇంట్లోనే ఈ విద్య ఉంది. ఒక్క పూట పట్టి చూడండి.

1. వెలుతురు చూసుకుని వీధరుగు మీదో, డాబా మీదో కూర్చోండి. మధ్యాహ్నం భోజనమయ్యాక మూడింటికి బాగుంటుంది. ఆవిడ వంటిల్లు సర్దుకుని వచ్చేదాకా ఆగడం కంటే, మీరే గిన్నెలు కడిగేస్తే ఇద్దరూ ఒకేసారి కూర్చోవచ్చు.

2. సన్నదారం వద్దు. ఆవిడ వాడే సన్న లేసు దారం కొత్త చేతికి కనపడదు కూడా. దళసరి నూలు దారం, 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల సూది అడగండి. లేత రంగు దారమైతే కన్నాలు కనిపిస్తాయి. నల్లదారం ముట్టుకోకండి.

3. జారుముడి వేసి సూదికి తగిలించండి. దారాన్ని సూది మీదుగా ఒకసారి చుట్టి, సూది కొక్కెంతో ఆ దారాన్ని ముడిలోంచి లాగండి. ఒక గొలుసు కన్ను వచ్చింది. ఇలా 21 అల్లండి.

4. ఇక్కడ ఆగి చూడండి. గొలుసుని అరిచేతిలో పరిచి కళ్ళ ముందు పెట్టుకోండి. అన్ని కళ్ళూ ఒకే కొలతలో ఉండాలి. మగవాళ్ళ చేతులు చేసే తప్పు ఒకటుంది, బలంగా బిగించెయ్యడం. బిగిస్తే రెండో వరసకి సూది దూరదు. ప్రతి కన్నులోకీ సూది మెడ దాకా సులువుగా దూరాలి. దూరకపోతే మొత్తం విప్పెయ్యండి. ఈ పనిలో గొప్పతనమే అది, దారం లాగితే తప్పంతా పోతుంది. మా ఆయన మొదటి గొలుసు నాలుగుసార్లు విప్పారు. నాలుగోసారి విప్పుతున్నప్పుడు "దీన్ని పొద్దస్తమానం ఎలా చేస్తావే" అని అడిగారు. ఆ ప్రశ్న కోసం నేను ఎన్నాళ్ళు చూశానో ఆయనకి తెలియదు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను, మా అమ్మ అరుగు మీద ఎలా కూర్చునేదో, బేరగాళ్ళు ఎలా వచ్చేవాళ్ళో, పెళ్ళికి ముందు నేను ఎన్ని టేబుల్ గుడ్డలు అల్లి అమ్మానో. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన ఆ సంగతులు వినడం అదే మొదలు.

5. రెండో వరస. సూది పక్కనున్న మొదటి కన్ను వదిలెయ్యండి. రెండోదాంట్లోకి సూది దూర్చి దారం లాగితే సూది మీద రెండు కళ్ళుంటాయి. మళ్ళీ దారం చుట్టి, రెండిట్లోంచి ఒకేసారి లాగండి. చివరిదాకా ఇలాగే. లెక్కపెడితే 20 రావాలి.

6. వరస చివర ఒక్క గొలుసు కన్ను అల్లి, తిప్పి, మళ్ళీ 20. ఇలా ఆరు వరసలు చాలు. ప్రతి వరస చివరా లెక్కపెట్టండి. అంచులో ఆఖరి కన్ను సరిగా కనపడదు, దాన్ని వదిలేస్తే 19, తర్వాత 18, చివరికి చదరం కాస్తా త్రికోణం అవుతుంది. అంచు వంకర పోతోందని అనుమానమొస్తే కొత్తగా అల్లడం మాని లెక్కపెట్టండి.

ఆవిడకి చెప్పాల్సింది ఒకటుంది. ఆయన చేతిలోంచి సూది లాక్కోకండి. "ఇలా ఇవ్వండి, నేను చేస్తా" అన్న క్షణాన పాఠం అయిపోతుంది. ఇంకో సూది, ఇంకో దారం తీసుకుని పక్కన మీరు మెల్లగా చేసి చూపించండి. గాలం దగ్గర మగవాళ్ళకీ ఇదే చెబుతున్నాను. ఆవిడ కర్ర మీద మీ చెయ్యి వెయ్యొద్దు.

మీవాళ్ళ సరదా ఈ రెండూ కాకపోతే

పద్ధతి మారదు. చిన్న పని ఒకటి ఎంచుకోండి, దాన్ని మీ చేత్తో పూర్తిచెయ్యండి.

మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళతో కడియం నర్సరీలకి వెళ్తే ఊరికే తిరిగి రాకండి. ఒక్క మొక్క మీరు ఎంచండి, ఏది ఎందుకు వద్దో వాళ్ళు చెప్పాలి. ఇంటికొచ్చాక కుండీ మార్చేది మీరే. పిట్టల్ని చూసేవాళ్ళయితే కోరంగి మడ అడవుల్లో చెక్కవంతెన మీద నడవండి, మూడు పిట్టల పేర్లు నేర్చుకుంటే చాలు. పడవ ఎక్కాలనుకుంటే ఆటుపోట్లు చూసి తిప్పుతారు, ముందే కనుక్కుని వెళ్ళాలి. పంచారామాల (అయిదు శివాలయాల) భక్తి ఉన్నవాళ్ళు కార్తీక సోమవారం వద్దనుకోండి, జనంలో ఒకరి మాట ఒకరికి వినపడదు. ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం నాలుగూ మన డెల్టాలోనూ అంచునా ఉన్నవే కాబట్టి మామూలు శనివారం ఒక్క గుడి పెట్టుకుని నింపాదిగా చూడొచ్చు.

తెల్లవారుజాము కార్తీక దీపాలు వదిలే ఆవిడతో వెళ్ళే మగవాళ్ళకి ఒక పని ఇస్తాను. అరటి దొప్పలు మీరు కొయ్యండి. అరటి బోదె పొర జానెడు ముక్క, లోపలి గుంట పైకి వచ్చేలా పెట్టి, మధ్యలో ఒత్తిని నేతిలో బాగా నానబెట్టి ఉంచండి. ముందు బకెట్లో వేసి చూడండి. ఒక పక్కకి ఒరిగితే బరువైన పక్క కొంచెం చెక్కండి. నిలబడిందే రేవుకి తీసుకెళ్ళాలి. చీకట్లో మీరు చేసిన దొప్ప ఆవిడ దీపాన్ని మోసుకుని మలుపు దాకా వెళ్తే, చలి గుర్తుండదు.

కువైట్‌లోనో మస్కట్‌లోనో మనిషి ఉన్న ఇళ్ళు కోనసీమలో చాలా. వాళ్ళూ అడుగుతున్నారు. కువైట్‌కి సెలవు శుక్రవారం, మన గడియారం అక్కడికంటే రెండున్నర గంటలు ముందు. మీకు సాయంత్రం నాలుగున్నర అయితే వాళ్ళకి మధ్యాహ్నం రెండు. ఫోను గట్టు మీద నిలబెట్టి, మీరు గాలం వేస్తూ ఆయనతో చెప్పించుకోండి. బెండు లోతు ఆయన అక్కడినుంచి సరిచేస్తారు.

బాగా జరిగిందో లేదో చూసుకోవడం

"నచ్చిందా?" అని అడిగితే "ఆఁ" అంటారు, దానివల్ల తెలిసేదేం లేదు. ఇవి చూసుకోండి.

మరునాడు ఎవరి సాయం లేకుండా మీరు గాలం కట్టగలరా? గొలుసు 21 తప్పు లేకుండా వస్తుందా? వస్తే పని చేతికి పట్టింది.

వాళ్ళు మీకు తెలియని సంగతి ఒక్కటైనా చెప్పారా? చెప్పలేదంటే మీరు ప్రశ్నలు అడగలేదు, లేదా మీ మాటలే ఎక్కువయ్యాయి. ఈసారి ఎందుకు, ఎప్పట్నుంచి, ఎవరు నేర్పారు, ఈ మూడూ అడగండి.

వారం మధ్యలో అడక్కుండానే "శనివారం ఆ లాకు దగ్గరికి వెళ్దాం" అన్నారా, లేక కొత్త దారం ఉండ మీ వైపు జరిపారా? ఇది కనపడేదాకా మానకండి, మూడు వారాలు పడుతుంది. మూడు వారాలకీ లేకపోతే మీరు ఎంచుకున్న చోటో సమయమో తప్పయి ఉంటుంది. పొద్దుటి పని సాయంత్రానికి మార్చి చూడండి.

ఒకవేళ నిజంగానే మీకు నచ్చకపోతే ఆ మాట దాచకండి. "బెండు చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు, ఎర కలపడం బాగుంది" అని ఏది బాగుందో ఏది లేదో విడదీసి చెప్పండి. నాకు ఇప్పటికీ వానపాము ముట్టుకోవడం రాదు. పిండి ముద్ద కలిపేది నేను, గాలాలు కట్టేది నేను. ఆయన అల్లిన ఆరు వరసల గుడ్డ మా గాలాల డబ్బా అడుగున పరిచి ఉంది, ఒక పక్క 20 కళ్ళు, ఇంకో పక్క 17.